దీపాలు వెలిగాయి... బొమ్మ రాలేదు

స్విచ్ వేయగానే ఫ్యాన్లు తిరిగాయి. అద్దం తలుపు వెనక రంగుల దీపాలు వెలిగాయి. మానిటర్ మీద మాత్రం 'నో సిగ్నల్' అనే అక్షరాలు కాసేపు అటూ ఇటూ తేలి, చివరికి అవీ ఆరిపోయాయి.

"ఏందన్నా, రాలా?"

"రాలా."

2023, మాఘమాసం. భద్రాచలం నుంచి చర్లకు పోయే దారిలో, దుమ్ముగూడెం మండలంలో, ఒక పక్క గోదారి, ఇంకో పక్క అడవి ఉన్న ఊరు. అన్న పెళ్లి వీడియోలు తీస్తాడు. ఎడిటింగ్ కూడా తనదే. చెల్లెలు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చింది. ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి పడుతున్న రోజులు. మెమరీ కార్డుల నిండా జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు. పెళ్లివాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. వాటిని కోసి కూర్చాల్సిన మిషన్ కొత్తది, ఆ సాయంత్రమే బిగించి లేపింది.

ఈ ఇంటివాళ్లకు పేర్లు పెట్టడం లేదు. ఏజెన్సీ అంచున ఇలాంటి ఇళ్లలో జరిగేదాన్ని ఒకచోట చేర్చి కట్టిన సన్నివేశమిది, మాటలు నా కూర్పు. వాళ్ల బల్ల మీదున్న గ్రాఫిక్స్ కార్డు వెనక నడిచిన చరిత్ర మాత్రం నిజంగా జరిగింది. అసలు కథ అక్కడే ఉంది.

పాత కంప్యూటర్‌ను గోదారి తీసుకుంది. 2022 జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరదను పెద్దవాళ్లు ఇప్పటికీ కొలబద్దగా చెబుతారు. దాని తర్వాత అంత నీరు చూసింది ఇదే. ఇంట్లోకి వచ్చిన నీళ్లు దిగాక కంప్యూటర్ని విప్పి ఎండలో పెట్టారు. స్లాట్లలోకి, కనెక్టర్లలోకి దూరిన ఒండ్రు ఎండకు పోయేది కాదు. అది మళ్లీ లేవలేదు.

అందుకే కొత్తది ఒక్కో భాగం కొంటూ కూడబెట్టుకున్నాడు. ఒక పెళ్లి డబ్బుతో మదర్‌బోర్డు, ఇంకో పెళ్లి డబ్బుతో రైజెన్ 5 5600 ప్రాసెసర్, తర్వాత ర్యామ్, కరెంటు సరఫరా చేసే ఎస్ఎంపీఎస్. గ్రాఫిక్స్ కార్డు కొత్తది కొనే స్తోమత లేక హైదరాబాద్ నుంచి సెకండ్ హ్యాండ్‌లో ఆర్ఎక్స్ 580 తెప్పించాడు. "మైనింగ్‌లో వాడింది కాదు కదా అన్నా?" అని ఫోన్లో అడిగాడు కూడా. "లేదు తమ్ముడూ, గేమింగే" అన్నారు అటువైపు.

మొదటి అనుమానం కేబుల్ మీద. వైరు మదర్‌బోర్డు వెనక ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టులో ఉంది. 5600 ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండవు కాబట్టి ఆ పోర్టు నుంచి ఏనాటికీ బొమ్మ రాదు. తీసి కార్డుకు పెట్టారు. అయినా చీకటే.

'నో డిస్‌ప్లే' అనగానే చాలామంది చేసే పని అన్నీ ఊడబీకి మళ్లీ పెట్టడం. అదృష్టం బాగుంటే లేస్తుంది కూడా. కానీ అట్లా లేస్తే ఏది సరి చేశామో తెలియదు, లేవకపోతే ఏది చెడగొట్టామో తెలియదు. సర్వీస్ సెంటర్ వీధి చివరే ఉన్న నగరంలో ఆ తొందర చెల్లుతుందేమో. ఇక్కడ ఒక్క పిన్ను వంగితే రాత్రి బస్సెక్కి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి పోవాల్సిందే. చెల్లెలు అన్న చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుంది.

"ఒక్కోసారి ఒక్కటే మారుద్దాం అన్నా. నేను రాస్తా ఉంటా."

ర్యామ్ స్టిక్కులు రెండూ తీసి, ఇత్తడి రంగు అంచును రబ్బరుతో మెల్లగా తుడిచి, ఒక్కదాన్నే ప్రాసెసర్ నుంచి రెండో స్లాట్‌లో క్లిక్‌మనేదాకా నొక్కారు. తర్వాత రెండోదాన్ని అదే స్లాట్‌లో పెట్టి చూశారు. ప్రాసెసర్‌కు కరెంటిచ్చే ఎనిమిది పిన్నుల వైరు బోర్డు పై మూలన ఉంటుంది. కొత్తగా బిగించేవాళ్లు మరిచిపోయేది దాన్నే, ఇక్కడ మరిచిపోలేదు. కార్డుకు పోయే వైరూ సరిగానే ఉంది. నాణెమంత సీఆర్2032 సెల్లు తీసి, కాసేపాగి మళ్లీ పెట్టారు. ఎస్ఎంపీఎస్‌ను విడిగా తీసి, పెద్ద కనెక్టర్‌లో పచ్చ వైరుకూ నల్ల వైరుకూ క్లిప్పు ముక్క ఆనిస్తే ఫ్యాను తిరిగింది. అది తిరిగినంత మాత్రాన ఎస్ఎంపీఎస్ బాగున్నట్టు కాదు, బతికి ఉన్నట్టు మాత్రమే.

ఈలోగా అమ్మ ఇంకో సంగతి బయటపెట్టింది. ఊడ్చబోయి క్యాబినెట్ అంచు ముట్టుకుని చెయ్యి లాక్కుంది.

"ఒరేయ్, ఇది జిల్లుమంటోందిరా!"

మన పల్లెల్లో చాలా ఇళ్లలో మూడో పిన్ను గోడలో ఉంటుంది గానీ దాని వెనక భూమికి పోయే తీగ ఉండదు. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కారే కొద్దిపాటి కరెంటు దిగడానికి దారిలేక రేకు మీదే ఉంటుంది. ఎర్తింగ్ లేని ఇంట్లో ఇది అతి మామూలు. బొమ్మ రాకపోవడానికి అదే కారణమని అన్న తేల్చేశాడు. చెల్లెలు ఒప్పుకోలేదు. బోర్డును క్యాబినెట్ నుంచి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీదే పరిచి, రేకు ఎక్కడా తగలకుండా మళ్లీ లేపింది. అదే చీకటి. ఎర్తింగ్ లేకపోవడం ప్రమాదమే, కానీ ఈ జబ్బు దానిది కాదు.

అప్పుడే ఆమె రెండు సంగతులు గమనించింది. బోర్డు అంచున నాలుగు చిన్న దీపాలుంటాయి: సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్. మిషన్ లేచేటప్పుడు ఒక్కోటీ వెలిగి ఆరుతుంది. ఇక్కడ మొదటి రెండూ వెలిగి ఆరాయి, వీజీఏ దగ్గర దీపం నిలిచిపోయింది. ఇంకోటి కీబోర్డు. నమ్ లాక్ నొక్కితే దీపం వెలుగుతోంది, మళ్లీ నొక్కితే ఆరుతోంది.

"అన్నా, ఇది చావలేదు. నొక్కితే పలుకుతోంది చూడు. చూపించడమే రావట్లేదు."

ఈ కథలో నాకు అన్నిటికంటే విలువైన క్షణం ఇదే. చీకటి తెర చూసి మిషన్ మొత్తం పోయిందనుకుని బోర్డులు పడేసినవాళ్లు, మంచి ప్రాసెసర్‌ను తుక్కు ధరకు ఇచ్చేసినవాళ్లు ఎందరో. తెర అనేది ఒక్క నోరు. లోపల ప్రాసెసర్ లెక్కలు వేస్తూనే ఉండవచ్చు, ర్యామ్ గుర్తు పెట్టుకుంటూనే ఉండవచ్చు.

అనుమానం కార్డు మీదికి తిరిగింది. మర్నాడు అన్న భద్రాచలం పోయి, తెలిసినవాళ్ల నెట్ సెంటర్‌లో మూలన పడున్న పాత జీఫోర్స్ 210 కార్డు అడిగి తెచ్చాడు. అక్కడ అది చక్కగా పనిచేసిందని వాళ్లు చూపించి మరీ ఇచ్చారు. ఇంటికొచ్చి పెట్టారు. అదీ చీకటే!

రెండు కార్డులూ రాలేదంటే ఇంకేముంది, బోర్డు పోయినట్టే అనుకున్నాడు అన్న. ఎవరైనా అదే అనుకుంటారు. సికింద్రాబాద్ బస్సు టికెట్ చూడటం మొదలుపెట్టాడు. చెల్లెలు మాత్రం ఖమ్మం వైరా రోడ్డులో సర్వీసింగ్ చేసే ఓ సీనియర్‌కు ఫోన్ చేసింది.

ఆయన ముందు అన్నీ విన్నాడు. తర్వాత అడిగాడు. "బోర్డు ఎప్పటిదమ్మా?"

"కొత్తదే అన్నా, బీ550."

"మరి 210తో ఎట్టా టెస్ట్ చేశారు? అది 2009 నాటి కార్డు. దానికి యూఈఎఫ్ఐ తెలియదు. మంచి కార్డే, కానీ ఈ బోర్డు భాష రాదు దానికి. దాన్ని పట్టుకుని బోర్డు పోయిందనుకోవద్దు."

ఆయన చెప్పింది ఇది. విండోస్ లేవకముందే తెర మీద కంపెనీ గుర్తు, సెట్టింగుల పేజీ వస్తాయంటే, వాటిని గీసే చిన్న ప్రోగ్రామ్ గ్రాఫిక్స్ కార్డు లోపలి చిప్‌లోనే ఉండాలి. పాతకాలం కార్డుల్లో పాత పద్ధతి ప్రోగ్రామ్ ఒక్కటే ఉండేది. తర్వాతి కార్డుల్లో యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి కోసం రాసిన ప్రోగ్రామ్ కూడా చేరింది. కొత్త బోర్డుల్లో పాత పద్ధతిని పిలిచే సీఎస్ఎం అనే ఏర్పాటును చాలావరకు ఆపేసి పంపుతున్నారు. దాన్ని సెట్టింగుల్లోకి వెళ్లి ఆన్ చేయవచ్చు. కానీ సెట్టింగులు కనబడాలంటే తెర రావాలి, తెర రావాలంటే ఆ సెట్టింగ్ మారాలి. సెల్లు తీసి పెట్టినా బోర్డు మళ్లీ మొదటి స్థితికే పోతుంది తప్ప సీఎస్ఎం ఆన్ కాదు.

"మరి మా కార్డు 2017ది కదన్నా. దానికి కొత్తదీ ఉండాలిగా?"

"ఉండాలి. అయినా రావట్లేదంటే ఎవరో దాన్ని కెలికుండాలి."

కెలకడమంటే ఏమిటో తెలియాలంటే ఆ కార్డు పుట్టుకలోకి పోవాలి. ఆర్ఎక్స్ 580లో ఉండే చిప్ కుటుంబం పేరు పొలారిస్. 2016 జూన్‌లో ఆర్ఎక్స్ 480గా 199 డాలర్ల నుంచి మొదలయ్యే ధరతో వచ్చింది. 2017 ఏప్రిల్‌లో సవరించి 580గా తెచ్చారు. అప్పుడు ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి రాజా కోడూరి. పుట్టింది కొవ్వూరులో. ఆంధ్రా యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చదివాడు. ఎస్3, ఏటీఐ, ఆపిల్, ఏఎండీ, ఆ తర్వాత ఇంటెల్... గ్రాఫిక్స్ రంగంలో ఆయన పేరు తెలియనివాళ్లు తక్కువ. భద్రాచలం దాటిన గోదారి పాపికొండల నడుమ నుంచి దిగి రాజమండ్రికి ఎదురుగా ఒరుసుకుపోయేది ఆ కొవ్వూరు ఒడ్డునే. కొవ్వూరు మనిషి సారథ్యంలో తయారైన చిప్, అదే నది ఎగువన ఒక పెళ్లి వీడియోల కుర్రాడి బల్ల మీదికి చేరింది. నాకిది చిన్న విషయం కాదు. పెద్ద డబ్బు లేనివాడి చేతికి కూడా అందే ధరలో ఆ కార్డు రావడం వల్లే అది ఇంత దూరం రాగలిగింది.

అయితే తిన్నగా రాలేదు. 2017లో, మళ్లీ 2021లో ఎథీరియం అనే క్రిప్టో నాణేల కోసం లోకమంతా గ్రాఫిక్స్ కార్డుల మీద పడింది. ఆ నాణేలు సంపాదించే లెక్కలకు, అంటే మైనింగ్‌కు, కావాల్సింది మెమరీ వేగం. 8 జీబీ మెమరీ ఉన్న 580 ఆ పనికి సరిగ్గా సరిపోయింది. బొమ్మలు గీయాల్సిన కార్డులను గదుల్లో వరసలుగా పేర్చి, తెర అన్నదే లేకుండా పగలూ రాత్రీ తిప్పారు. ఇంకొంచెం పిండుకోవడానికి కార్డు లోపలి ప్రోగ్రాములుండే బయోస్‌ను విప్పి, మెమరీ టైమింగులు మార్చి తిరిగి రాశారు. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం తన పద్ధతినే మార్చుకుంది. దానికి గ్రాఫిక్స్ కార్డులతో పనే లేకుండా పోయింది. ఆ గదుల్లోని కార్డులు సెకండ్ హ్యాండ్ మార్కెట్ మీద పడ్డాయి.

మార్చిన బయోస్‌తో చిక్కు ఇదే. కార్డులోని యూఈఎఫ్ఐ ప్రోగ్రామ్ తన సమాచారం అసలుదేనా కాదా అని సరిచూసుకుంటుంది. మారిందని తేలితే పని మొదలుపెట్టదు. పాత పద్ధతి ప్రోగ్రామ్ ఆ పట్టింపు లేకుండా నడుస్తుంది, కానీ కొత్త బోర్డు దాన్ని పిలవదు. మైనింగ్ చేసినవాళ్లకు తెరే అక్కర్లేదు కాబట్టి ఈ లోటు వాళ్లకు తగల్లేదు. తగిలింది, కూడబెట్టిన డబ్బుతో కొనుక్కున్నవాడికి. పరికరాలు నగరాల్లో వాడి అలసిపోయాక పల్లెకు వస్తాయి. వాటి మీద ఏం జరిగిందో చెప్పే కాగితం ఒక్కటీ వెంట రాదు. అమ్మేవాళ్లు ఆ ఒక్కమాట నిజం చెబితే ఎంత శ్రమ, ఎంత బెంగ తప్పుతుందో!

"అమ్మా, కార్డు పైఅంచు టార్చి వేసి చూడు. కరెంటు వైరు పెట్టే దగ్గర్లో చిన్న స్విచ్ ఏమన్నా ఉందా?"

ఉంది. గోరుతో జరపాల్సినంత చిన్నది, నల్లటి రేకు మీద నల్లగా. 580 రకాల్లో కొన్నిటికి రెండు బయోస్ చిప్‌లు ఉంటాయి, స్విచ్ ఎటుంటే అది పనిచేస్తుంది. ఇది ఉన్నవైపు ఎవరో మార్చి రాసిన బయోస్. రెండోవైపు ముట్టుకోకుండా వదిలేశారేమో. వదిలేస్తేనే ఆశ.

"కరెంటు పూర్తిగా తీసి జరుపు. ప్లగ్గే పీకేయ్."

జరిపింది. అన్న ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాడు. వీజీఏ దీపం వెలిగింది. ఆరింది. బూట్ దీపం వెలిగింది. మానిటర్ ఒక్కసారి మిటకరించి, మదర్‌బోర్డు కంపెనీ గుర్తు తెర నిండా పరుచుకుంది. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేలా అరిచాడతను.

ఆ తర్వాతి పని మామూలుదే. విండోస్ ఎక్కించారు. కార్డు మీద మూత విప్పితే రెక్కల సందుల్లో గట్టిపడిన దుమ్ము, చిప్ మీద ఎండి పెచ్చులైన థర్మల్ పేస్టు. శుభ్రం చేసి కొత్త పేస్టు రాశారు. 210ని నెట్ సెంటర్‌కు తిరిగిచ్చేటప్పుడు, అది కొత్త బోర్డుల మీద పరీక్షకు పనికిరాదని చీటీ అంటించి మరీ ఇచ్చింది చెల్లెలు. పెరట్లో గొయ్యి తీసి, ఉప్పు, బొగ్గు పొరలుగా వేసి, జీఐ పైపు దింపి ఎర్తింగ్ చేయించారు. క్యాబినెట్ జిల్లుమనడం ఆగింది.

మొదటివైపు చిప్‌లోకి అసలు బయోస్ తిరిగి ఎక్కిద్దామని అన్న అన్నాడు. ఎక్కిస్తుండగా కరెంటు పోతే ఆ చిప్ సగం రాతతో మిగిలిపోతుంది. తీగల మీద చెట్టు కొమ్మ వాలితే చాలు, ఊరంతా చీకటయ్యే చోటు అది. యూపీఎస్ కొన్నాక చూద్దామని చెల్లెలు ఆపేసింది. స్విచ్ పక్కన వైట్‌నర్‌తో చుక్క పెట్టి, ఎటువైపు ఉంచాలో గుర్తు రాసింది. చర్లలో తీసిన ఒక పెళ్లి వీడియో అప్పటికే రెండర్‌లో సగం దాటింది.