ఆ వాల్వ్ తిప్పొద్దు

రాత్రి రెండు దాటింది. విశాఖలో మల్కాపురం వైపు ఒక ఆయిల్ టెర్మినల్. షిఫ్ట్ మీది. సెల్‌ఫోన్ గేటు దగ్గరే ఇచ్చేశారు. ఒంటి మీద నూలు బట్టలు, చేతిలో నిప్పురవ్వ పుట్టించని వాకీటాకీ. సాయంత్రం నుంచి ఒకటే వాన.

హార్బర్‌లో ఆగిన ఓడ నుంచి పెట్రోలు వస్తోంది. పైపు మీద అరచెయ్యి పెడితే లోపలి పరుగు తెలుస్తుంది. ట్యాంకులో పెట్రోలు మీద తేలే కప్పు ఒకటుంది, మట్టంతో పాటు అదీ లేస్తోంది. మధ్యలో ఆవిరికి చోటు దొరకకూడదని ఆ ఏర్పాటు.

ట్యాంకు చుట్టూ గోడ కట్టారు. డైక్ అంటారు. ట్యాంకు పగిలినా అందులోదంతా ఈ గోడ లోపలే ఆగిపోవాలి. ఇప్పుడక్కడ పిక్కల దాకా వాననీళ్లు.

"సార్, వాల్వ్ తిప్పేయమంటారా? నీళ్లు పోతాయి," అంటాడు ఖలాసీ.

తిప్పితే పని తేలికే. నీళ్లు కాలువలోకి, అక్కణ్ణుంచి గెడ్డలోకి, గెడ్డ నుంచి సముద్రంలోకి. మీరు టార్చి వేస్తారు. నీటి మీద నెమలికంఠం రంగులు కదులుతున్నాయి.

చమురు. ఎక్కణ్ణుంచి?

"వద్దు. తాళం అలాగే ఉంచు."

వాసన ముక్కుకు తగులుతుంది. నడుముకున్న డిటెక్టర్ కూస్తుంది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు రెట్లకు పైగా బరువు. పైకి పోదు. నేలను పట్టుకుని పల్లం వెతుక్కుంటుంది. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్లు చేరితే చాలు, ఒక్క రవ్వకు అంటుకుంటుంది.

పైపు అతుకు దగ్గర సన్నటి ధార. ఖలాసీ అటు అడుగేస్తాడు. భుజం పట్టి ఆపుతారు.

ఎందుకంటే జైపూర్ మీకు తెలుసు. 2009 అక్టోబర్ 29, సీతాపుర టెర్మినల్. అక్కడా కారింది పెట్రోలే. దగ్గరున్నవాళ్లు ఆవిరికి కుప్పకూలారు. మూసే దారి లేకపోయింది. డైక్ వాల్వ్ తెరిచి ఉంది, పెట్రోలు వాననీటి కాలువల్లో పారింది. గంటకు పైగా కారాక అంటుకుంది. 11 మంది పోయారు. మంట ఆరడానికి పది రోజులు దాటింది.

పరుగెత్తాలా? ముందు గాలి ఎటు?

గాలిసంచీ చూస్తారు. గాలికి ఎదురు నడుస్తారు.

"ఓడ పంపు ఆపండి!"

అదే ముందు. పంపు నడుస్తుండగా లైను మూస్తే ఒత్తిడికి పైపే పగలొచ్చు.

పంపు ఆగింది. బటన్ నొక్కండి. దూరంగా మోటారు వాల్వ్ మూసుకుంటుంది. జైపూర్ ప్రమాదంపై విచారణ జరిపిన ఎం.బి. లాల్ కమిటీ గట్టిగా అడిగింది ఇదే: కంట్రోల్ రూమ్ నుంచే మూయగలగాలి.

సైరన్. లారీలు స్టార్ట్ చేయొద్దు. ఎవరూ. ఫోమ్ రానివ్వండి. తెల్లటి నురగ నీటిని కప్పుతుంది. డిటెక్టర్ కూత ఆగుతుంది.

తెల్లారాక ఆ నీరు నూనెను వేరుచేసే తొట్టెల గుండా వెళ్తుంది. లీటరుకు 10 మిల్లీగ్రాములకు మించి చమురుంటే గెడ్డలోకి వదలకూడదు. పరీక్ష ఫలితం వచ్చేదాకా వాల్వ్‌కు తాళం పడే ఉంటుంది.

మీ ఇల్లు ఇలాంటి టెర్మినల్ పక్కనే ఉందా? ప్రమాదం జరిగితే ఏం చేయాలో చుట్టుపక్కల జనానికి ముందే చెప్పాలని 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు అంటున్నాయి. మీకెవరూ చెప్పకపోతే వెళ్లి అడగండి. వాళ్ల వాననీటి కాలువ ఎక్కడ కలుస్తుందో కూడా అడగండి.