గవాచి కింద పొయ్యి

వేంపల్లెలో మా అవ్వగారి పాత మిద్దెకు వంటింటి పైన ఒక గవాచి ఉండేది. జానెడు కన్నం. పొద్దున్నే అందులోంచి దిగే వెలుగులో పొగ సుడులు తిరుగుతూ కనిపించేది. వాన మొదలైతే అమ్మ మిద్దెక్కి గవాచి మీద బండ మూసి వచ్చేది. అంటే కట్టెలు తడిసి పొగ ఎక్కువయ్యే రోజుల్లోనే పొగకు దారి ఉండేది కాదు. చిన్నప్పుడు ఈ సంగతి నాకు తట్టలేదు. మనుషులు తడవకుండా ఉండడానికి ఇల్లు కట్టారు, లోపల వండే మనిషి ఊపిరి ఎవరి లెక్కలోనూ లేదు.

అవ్వకు అరవై దాటాక ఆయాసం మొదలైంది. ఆసుపత్రిలో డాక్టరు వేసిన మొదటి ప్రశ్న, "బీడీ తాగుతావా?" అవ్వ నవ్వింది. "బీడీ నాకెందుకు నాయనా, పొయ్యి తాగించింది సాలు." కాగితం మీద మాత్రం "పొగ అలవాటు లేదు" అని పడింది. యాభై ఏళ్ళు రెండు పూటలా ఊదుడుగొట్టంతో నిప్పు రాజేసిన మనిషికి పొగ అలవాటు లేదట!

విమల 'వంటిల్లు' చదివి పెరిగిన తరం నాది. వంటింటిని చెర అని పేరు పెట్టి పిలవడం ఆ తరం కవయిత్రులు నేర్పారు. అయితే ఆ చెరలో గాలి ఎలా ఉంటుందో, పొయ్యి ఎవరు కడతారో, గొట్టం ఎటు పెడతారో మన సాహిత్య విమర్శ పెద్దగా పట్టించుకోలేదనిపిస్తుంది. పరిశోధనలో ఉన్నన్నాళ్ళూ నేనూ పొయ్యిని ప్రతీకగానే చదివాను.

పొయ్యి కట్టడం అవ్వ పని. ఎర్రమట్టిలో పేడ, పొట్టు కలిపి రెండు రోజులు నానబెట్టి తొక్కేది. కడప బండ వంటగట్టుకు వాడేది గానీ మంట తగిలే చోట పెట్టనిచ్చేది కాదు. అది పొరల రాయి, వేడికి పెట్లుతుంది. పాపఘ్నిలోంచి తెచ్చిన గుండ్రాళ్ళను అసలే రానిచ్చేది కాదు. నీళ్ళు తాగిన రాయి మంటలో పేలుతుందని ఆమెకు తెలుసు. పొయ్యి నోరు ఎంతుండాలో జేనతో కొలిచేది. కట్టిన పొయ్యిని వారం ఆరనిచ్చి, మొదటి రోజు చిన్న మంటే పెట్టేది. 1796లో రంఫర్డ్ అనే ఆయన ఇంగ్లండు పొయ్యిగూళ్ళ మీద వ్యాసం రాసి, గొట్టం మొదట్లో గొంతు సన్నగా ఉంటే పొగ ఇంట్లోకి తన్నదని చెప్పి పేరు తెచ్చుకున్నాడు. అవ్వ చేతి కొలతలు ఎవరూ రాసుకోలేదు.

పొగలేని పొయ్యి చరిత్రలో మన హైదరాబాదుకు పెద్ద పాత్రే ఉంది. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో ఎస్.పి. రాజు రూపొందించిన మట్టి పొయ్యి, 1953లో వచ్చిన ఆయన పుస్తకం 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' దేశమంతా తిరిగాయి. ఒకే మంట మీద వరసగా కంతలు, చివర గొట్టం. 1983లో కేంద్రం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. అది 2002లో ఆగేనాటికి మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టినట్టు లెక్క. ఆ లెక్కలో మాది కూడా ఒకటి. నేను పుట్టకముందు సంగతి, అమ్మ చెప్పింది. ఎవరో వచ్చారు, ఒక పూటలో కట్టారు, పుస్తకంలో అవ్వ చేత వేలిముద్ర వేయించుకుని పోయారు.

నెల తిరక్కుండా అవ్వ దాన్ని పగలగొట్టేసింది. అధికారుల భాషలో దీన్ని 'అవగాహనా లోపం' అంటారు. సంగటి ఎనిపే ఇంట్లో తెడ్డు బలానికి పొయ్యి గట్టు నిలవాలి. సన్నని అంచు బీటలిచ్చింది. కంత ఒక కొలతది, మా కుండ ఒక కొలతది. రెండో కంత మీద గిన్నె లేకపోతే చల్లగాలి అందులోంచి దూరి గొట్టం లాగుడు చచ్చిపోతుంది, పొగంతా వెనక్కి తన్నుతుంది. పొగను పైకి లాగేది గొట్టంలోని వేడిగాలే. గొట్టం మిద్దె మీద పొట్టిగా ఆగినా, మసితో పూడినా ఆ లాగుడు ఉండదు. మసి దులపాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పేరుకున్న మసి లోపలే అంటుకుంటుంది కూడా. పైగా మా గొట్టాన్ని కొయ్య దంతెలకు ఆనించే పైకి తీశారు. మధ్యలో మట్టితోనో రాతితోనో ఎడం లేదు. "ఇల్లు కాలితే ఎవురొస్తారు?" అని అవ్వ అడిగిందట.

అదే కాలంలో హర్యానాలోని నాడా గ్రామంలో మధు శరీన్ ఊరి ఆడవాళ్ళకే పొయ్యి కట్టడం నేర్పించి, కుండను బట్టి కంత కొలత మార్చుకోనిచ్చింది. 1983లో కిర్క్ స్మిత్, ఆయన సహచరులు గుజరాత్ పల్లెల్లో వండే స్త్రీలు పీల్చే పొగను కొలిచి ప్రచురించారు. ఇంటిలోపలి పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా 32 లక్షల మంది చనిపోయారని ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అవ్వ ఆ సంఖ్యలోకి రాదు. అంతకుముందే పోయింది, ఆ కాగితంతోనే.

1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల, 2024లో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు. అమ్మ గ్యాసు మీదే వండుతుంది. కానీ నీళ్ళు కాగడం, సంగటి, పండగ వంటలు పెరట్లో కట్టెల మీదే. అమ్మను నేను తప్పు పట్టను. మూడు సిలిండర్లతో పన్నెండు నెలలు గడవవని ఆమెకు లెక్క తెలుసు. అయితే పొయ్యిని ఆమె గోడల మధ్య పెట్టలేదు. రెండు వైపులా తెరిచిన రేకుల కింద, గాలి వాలు చూసి కట్టింది.

ఆ పాత గొట్టం ఇంకా పెరట్లోనే ఉంది. ఆ పథకంలో చాలాచోట్ల వాడినట్టే సిమెంటు, రాతినార కలిపి పోసిన గొట్టం. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె కొండల్లో ఈ రాతినారను తవ్వేవాళ్ళు. దాన్ని పొదువుకున్న సున్నపురాతి పొరలకు భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు మా ఊరిదే, వేంపల్లె ఫార్మేషన్. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఇరవై ముప్పై ఏళ్ళకు కాన్సరై బయటపడవచ్చు. మా గొట్టంలోని నార ఎక్కడిదో గానీ, పొగ నుంచి కాపాడడానికి మా ఇంటికి వచ్చింది మాత్రం అదే.

మొన్న వెళ్ళినప్పుడు అమ్మ దాన్ని సుత్తితో పగలగొట్టి బీరపాదుకు గట్టుగా వెయ్యబోతోంది. ఆపాను. పగలగొట్టినా కోసినా దుమ్ము లేస్తుందమ్మా, కదిలించొద్దు అన్నాను.

"కదిలించకుంటే ఎట్ల? పెట్టినోళ్ళొచ్చి ఎత్తకపోతారా?"

తడిపిన గోనెసంచి కప్పి వచ్చాను. అక్కడే ఉంది.