నల్లమల అడవి యాత్ర

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలకు పడమటి ఎల్లగా నిలిచిన నల్లమల కొండల్లో సాగే సాహస పర్యటన ఇది. ఈ అడవిలో చాలా భాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఉంది. 1978లో అభయారణ్యంగా ప్రకటితమై, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది.

దోర్నాల–శ్రీశైలం ఘాట్ రోడ్డు మీది తుమ్మలబైలులో జీపు సఫారీ ఉంది. అన్నిటికన్నా కఠినమైనది ఇష్టకామేశ్వరి ఆలయ యాత్ర. మామూలు కార్లు పనికిరావు. బండరాళ్ల బాట మీద జీపు ఒళ్లు హూనం చేస్తుంది. చివర కొంత దూరం నడక. గుహలాంటి చిన్న గర్భాలయంలోకి వంగి దూరాలి. నాలుగు చేతుల అమ్మవారు దీపపు వెలుగులోనే కనిపిస్తుంది. నుదుట కుంకుమ దిద్దితే మనిషి నుదురులా మెత్తగా తగులుతుందని భక్తుల నమ్మకం.

గిద్దలూరు వైపు దిగువమెట్ట మీదుగా నంద్యాల వెళ్లే రైలు దారి కూడా దట్టమైన అడవిలోంచే పోతుంది.

వర్షాకాలంలో సఫారీలు ఆపేస్తారు. శ్రీశైలం ఘాట్‌లో రాత్రిపూట వాహనాలను వదలరు. ఈ నిబంధనలను తప్పకుండా పాటించాలి. ఈ అడవి చెంచు గిరిజనుల ఇల్లు కూడా. గూడేలకు వెళ్లినప్పుడు వారి అనుమతి లేకుండా ఫొటోలు తీయడం తగదు.