చిన్న జంతువుల మెదడు ఎమ్మారై

ఎలుక, చిట్టెలుక వంటి చిన్న జంతువుల మెదడు నిర్మాణాన్ని పుర్రె తెరవకుండా, ఎక్స్-కిరణాలు వాడకుండా చూపే పద్ధతి ఇది. బలమైన అయస్కాంత క్షేత్రంలో రేడియో తరంగాలు సోకినప్పుడు కణజాలపు నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు సంకేతాలు వెలువరిస్తాయి. క్షేత్రబలాన్ని చోటునుబట్టి మార్చి, సంకేతాల ఆధారంగా చిత్రం తయారుచేయవచ్చని పాల్ లాటర్‌బర్ 1973లో చూపారు. ఆయన, పీటర్ మాన్స్‌ఫీల్డ్ 2003లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

మనిషి మెదడు సుమారు 1,400 గ్రాములుంటే చిట్టెలుకది అర గ్రాముకు మించదు. ఆసుపత్రి స్కాన్‌లో ఒక్కో చిత్రకణం భుజం సుమారు 1 మిల్లీమీటరు, చిట్టెలుకకు 0.1 మిల్లీమీటరు కావాలి. అప్పుడు చిత్రకణం ఘనపరిమాణం వెయ్యో వంతుకు పడిపోతుంది, దానితోపాటే సంకేతమూ తగ్గుతుంది. ఈ లోటును మూడు విధాలుగా పూడుస్తారు. ఆసుపత్రుల్లోని 1.5 లేదా 3 టెస్లాలకు బదులు 7, 9.4, 11.7 టెస్లాల అయస్కాంతాలు వాడతారు. తలకు ఆనుకునేంత చిన్న కాయిల్‌తో సంకేతం అందుకుంటారు. కొలతలను పలుమార్లు తీసి సగటు కడతారు. రొదతో పోలిస్తే సంకేతం రెట్టింపు కావాలంటే నాలుగు రెట్ల సమయం పడుతుంది.

స్కాన్ సమయంలో జంతువుకు ఐసోఫ్లూరేన్ మత్తు ఇచ్చి, తల కదలకుండా బిగించి, ఒంటి వేడిని, శ్వాసను గమనిస్తారు. టీ2 అనే రకం చిత్రాల్లో ద్రవం నిండిన మెదడు గదులు తెల్లగా, నాడీతంతువుల కట్టలు ముదురుగా కనిపిస్తాయి. నీటి అణువుల విసరణను కొలిస్తే తంతువుల దిశ తెలుస్తుంది. చిట్టెలుక మెదడు పైపొరకు మడతలుండవు, ఘ్రాణ లంబికలు మాత్రం పెద్దవి. అందుకే దానికి ప్రత్యేక అట్లాసులు ఉన్నాయి. రసాయనాల్లో భద్రపరచిన మెదడును గంటల తరబడి స్కాన్ చేసి, పదుల మైక్రాన్ల వివరం రాబడతారు.

హైదరాబాద్‌లోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)లో అణు అయస్కాంత అనునాద సూక్ష్మచిత్రణ, వర్ణపటమాపన పరిశోధన సాగుతోంది. అక్కడి అనంత్ బహదూర్ పటేల్ బృందం కార్బన్-13 గుర్తు గల గ్లూకోజ్‌ను చిట్టెలుకలకు ఎక్కించి, అల్జీమర్స్ నమూనా మెదళ్లలో నాడీకణాల శక్తి వినియోగాన్ని కొలిచింది. ఇది నిర్మాణ చిత్రణ కాకపోయినా ఎమ్మారై మూలసూత్రమే దీనికీ ఆధారం.

కణస్థాయి వివరాలకు సూక్ష్మదర్శిని కిందే చూడాలి. కానీ అందుకు సాధారణంగా జంతువు ప్రాణం పోవాలి. ఎమ్మారైతో ఒకే జంతువును వారాలు, నెలల వ్యవధిలో మళ్లీమళ్లీ పరీక్షించి, వ్యాధి ముదిరే తీరును గమనించవచ్చు. ప్రతి దశకూ వేరే జంతువులను బలిచేసే అవసరం దీనివల్ల తగ్గుతుంది.