జీపు స్టీరింగు వదులు

జీపు స్టీరింగు వదులు అనగా స్టీరింగు చక్రాన్ని కొంత త్రిప్పినా ముందు చక్రాలు కదలకపోవడం. మెకానిక్కులు దీనిని "ప్లే" అంటారు. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ, తరువాతి సీజే-3బీ (1953-68), వాటి వరవడిలో మహీంద్రా సంస్థ భారతదేశంలో తయారుచేసిన పాత జీపులలో ఇది తరచుగా కనిపించే లోపం. కడప జిల్లాలోని పెద్దముడియం, జమ్మలమడుగు వంటి నల్లరేగడి ప్రాంతాల గతుకుల బాటలలో తిరిగే బండికి ఇది మరింత ప్రమాదకరం.

కారణాలు

లోపం ఎప్పుడూ స్టీరింగు బాక్సులోనే ఉండదు. టై రాడ్ కీళ్ళు, డ్రాగ్ లింక్, ముఖ్యంగా ముందు ఇరుసు వద్దనుండే బెల్ క్రాంక్ అరిగినా ఇదే లక్షణం కనబడుతుంది. ఒకరు చక్రం అటూ ఇటూ కదుపుతుండగా మరొకరు క్రింద నుండి ఒక్కొక్క కీలును గమనించాలి.

సరిచేయు విధానం

కీళ్ళు బాగున్నవని తేలితేనే బాక్సును ముట్టుకోవాలి. మొదట డ్రాగ్ లింక్‌ను విడదీయాలి. స్టీరింగు దండం పైకీ క్రిందికీ కదులుతుంటే పై మూత క్రింది షిమ్ములను కొన్ని తీసివేయాలి. ఆ తరువాతే ప్రక్కమూతపై ఉన్న స్క్రూను, లాక్ నట్టు వదులుచేసి, బిగించాలి. చక్రాలు తిన్నగా ఉండే స్థితిలో అతి స్వల్పమైన పట్టు తెలిస్తే చాలు. లోపలి కామ్ గాడి మధ్యభాగంలో ఇరుకుగా చేయబడినందున, చక్రం ఒక ప్రక్కకు త్రిప్పి ఉండగా బిగిస్తే మధ్యకు వచ్చేసరికి స్టీరింగు పట్టేస్తుంది. ఇది వదులుకన్నా పెద్ద ప్రమాదం.