రుడాల్ఫ్‌కి పని లేని రాత్రి

సీక్వెల్ తీసేవాళ్ళకి ఒక జబ్బుంది. మొదటి కథలో హీరోకి ఏ పని పడిందో, రెండో కథలోనూ వెతికి వెతికి అలాంటి పనే పడేలా చేస్తారు. దీనికి నాకు దొరికిన మంచి ఉదాహరణ ఎర్రముక్కు రెయిన్‌డీర్ రుడాల్ఫ్. వాడికి వచ్చిన సీక్వెల్స్‌లో నాకు తెలిసినవన్నీ ఒకే ప్రశ్నని తప్పించుకు తిరుగుతున్నాయి.

తెలియనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో: రుడాల్ఫ్ ముక్కు ఎర్రగా లైటులా వెలుగుతుంది. తోటి రెయిన్‌డీర్లు ఎగతాళి చేసి, ఆటల్లోకి రానివ్వవు. ఒక క్రిస్మస్ ముందురాత్రి శాంతాక్లాజ్ బండికి దారి కనపడకపోతే ఆ ముక్కే దీపమవుతుంది. ఇంకేముంది, వాడు హీరో.

ఈ కథ పుట్టిందే ఒక ఉద్యోగి నెత్తిన పడ్డ పనిగా. షికాగోలో మాంట్‌గొమరీ వార్డ్ అనే పెద్ద దుకాణాల కంపెనీ ఉండేది. 1939లో పండక్కి పిల్లలకి ఉచితంగా పంచడానికి ఒక పుస్తకం రాయమని తమ దగ్గర ప్రకటనలు రాసే రాబర్ట్ మేకి చెప్పింది. అప్పటికి ఆయన భార్య కేన్సర్‌తో మంచాన ఉంది. ఆ జులైలో పోయింది. ఆయన పుస్తకం పూర్తిచేశాడు. ఆ ఏడాదే సుమారు 24 లక్షల కాపీలు పంచారు. జీతానికి రాసిన రాత కదా, హక్కులు కంపెనీవి. 1947లో గానీ ఆయన చేతికి రాలేదు. 1949లో ఆయన తోబుట్టువు భర్త జానీ మార్క్స్ పాట కట్టాడు, జీన్ ఆట్రీ పాడాడు. అమెరికా అంతా మోగిపోయింది.

మనం మాట్లాడుకునే యానిమేషన్ మాత్రం 1964 డిసెంబరు 6న ఎన్‌బీసీలో వచ్చింది. తీయించింది ఆర్థర్ రాంకిన్, జూల్స్ బాస్. బొమ్మల్ని పిసరంత కదిపి ఒక ఫ్రేము, ఇంకో పిసరు కదిపి ఇంకో ఫ్రేము తీసిన ఓపికమంతులు జపాన్‌లో తదహితో మొచినాగ బృందం. అన్నట్టు, టైటిల్స్‌లో రోమన్ అంకెల్లో ఒక అక్షరం ఎగిరిపోయి 1964 కాస్తా 1164 అయింది. అరవై ఏళ్ళు దాటినా ఎవరూ ఫిక్స్ చెయ్యని బగ్!

ఇందులో రుడాల్ఫ్ ఒక్కడే కాదు, ఎక్కడా ఇమడనివాళ్ళు చాలామందే ఉన్నారు. బొమ్మలు చెయ్యడం ఇష్టంలేక పళ్ళ డాక్టరు అవుదామనుకునే హెర్మీ, అందర్నీ భయపెట్టే మంచు రాక్షసుడు, చతురస్రపు చక్రాల రైలులాంటి ఎవరికీ అక్కర్లేని బొమ్మలు ఉండే ఒక దీవి. చివర్లో హెర్మీకి క్లినిక్ పెట్టుకోనిస్తారు. రాక్షసుడికి క్రిస్మస్ చెట్టు కొసన నక్షత్రం పెట్టే పని దొరుకుతుంది, మనిషి పొడుగు కదా! రుడాల్ఫ్‌కి బండి ముందు చోటు. అందరికీ ఉద్యోగాలొచ్చాయి, శుభం. న్యాయంగా చెప్పాలంటే, వాడు బండికి దారి చూపించకముందే తండ్రి డానర్ వాడికి క్షమాపణ చెప్పుకుంటాడు. కానీ మన మనసులో నిలిచిపోయేది ఆ క్షమాపణ కాదు, ముక్కు పనికొచ్చిన క్షణం.

ఇక సీక్వెల్స్ చూడండి. 1954లో మే రాసిన పుస్తకంలో రుడాల్ఫ్ తన మీద తనే జాలిపడుతూ కూర్చుంటే ముక్కు ఆరిపోతుంది. తప్పిపోయిన కుందేలు పిల్లల్ని కాపాడాకే మళ్ళీ వెలుగుతుంది. రాంకిన్, బాస్ 1976లో తీసినదాంట్లో పారిపోయిన కొత్త సంవత్సరం పాపాయిని వెతకాలి. 1979లో ఒక సర్కస్‌ని నిలబెట్టాలి. పాపం, వాడికి సెలవన్నదే లేదు.

నేనైతే సీక్వెల్ ఇలా తీస్తాను. మరుసటి డిసెంబరు 24. ఆకాశం నిర్మలంగా ఉంది, చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు. ముక్కుతో ఎవరికీ పని లేదు. మధ్యాహ్నం ఆటలకి జట్లు కడుతున్నారు. రుడాల్ఫ్‌ని పిలుస్తారా? పిలిచారు. వాడు ఆట చెడగొట్టాడు, జట్టు ఓడిపోయింది. మర్నాడు మళ్ళీ పిలిచారు. కథ అంతే.

ఇందులో కథేముంది అంటారేమో. మా ఉద్యోగాల్లో బెంచ్ మీద కూర్చున్నవాణ్ణి ఎవర్నైనా అడగండి. రిలీజ్ రాత్రి "నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్ళం" అన్న నోళ్ళే, ప్రాజెక్టు అయిపోయిన మూడో వారానికి "ఇంకా ఇక్కడే ఉన్నావా" అంటాయి. తుఫాను రాత్రి నెత్తిన పెట్టుకోవడం ఎవరైనా చేస్తారు. వెన్నెల రాత్రి పలకరించేవాళ్ళే మనవాళ్ళు.

ఈ సంగతి కథ రాసినవాళ్ళకంటే చూసినవాళ్ళకే ముందు అర్థమైందని నా నమ్మకం. 1964లో మొదటిసారి ప్రసారమైనప్పుడు, ఆ దీవిలో బొమ్మల్ని తీసుకెళ్తానన్న శాంతా తీసుకెళ్ళినట్టు చూపించలేదు. మాట ఇచ్చి మర్చిపోతారా అంటూ ఉత్తరాలు వచ్చిపడ్డాయి. 1965లో శాంతా దీవికి వెళ్ళి వాటిని ఎక్కించుకునే సన్నివేశం కొత్తగా తీసి కలిపారు. ఆ బొమ్మలు ఎవరికీ దారి చూపించలేదు, ఏ పండగనీ కాపాడలేదు. అయినా వాటిని వదిలేస్తే ఊరుకోమన్నారు జనం. నా దృష్టిలో రుడాల్ఫ్‌కి వచ్చిన అసలైన సీక్వెల్ అదొక్కటే.