మద్యపాన వ్యసనం – మాటల అర్థగ్రహణం: పరిశోధనల చరిత్ర

దీర్ఘకాలం మద్యం సేవిస్తే నాడీవ్యవస్థ దెబ్బతింటుందని 19వ శతాబ్దపు వైద్యులు గుర్తించారు. అయితే మాటల అర్థాన్ని గ్రహించే శక్తిపై దాని ప్రభావం ఏమిటన్న ప్రశ్న చాలా ఆలస్యంగా తలెత్తింది. ఇందుకు కారణమేమిటో ఈ భాగంలో పరిశీలిద్దాం.

మెదడులో ఎడమ కణత వైపు భాగం దెబ్బతిన్నవారు ధారాళంగా మాట్లాడగలిగినా ఇతరుల మాటలను అర్థం చేసుకోలేరని జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె 1874లో వివరించాడు. కంటి కదలికల లోపం, నడకలో తడబాటు, మతి చెదరడం ఉన్న ముగ్గురు రోగుల గురించి ఆయనే 1881లో రాశాడు. వారిలో ఇద్దరు మద్యానికి బానిసలైనవారు. అయినా ఈ రెండు అంశాల అధ్యయనం వేర్వేరు దారుల్లోనే సాగింది.

1887 నుంచి మాస్కో వైద్యుడు సెర్గీ కోర్సకోవ్ వర్ణించిన రోగులు పలకరిస్తే చక్కగా బదులిచ్చేవారు. కాని కాసేపటికే జరిగింది మరిచి, చెప్పిందే మళ్లీ చెప్పేవారు. దాంతో వైద్యుల దృష్టి జ్ఞాపకశక్తి మీదే నిలిచింది. ఈ జబ్బుకు మూలం థయామిన్ (బి1 విటమిన్) లోపమని 20వ శతాబ్దంలో తేలింది.

పైకి సవ్యంగా కనిపించే మాట వెనుక మెదడు పనిని చూడడానికి కొత్త సాధనం కావలసివచ్చింది. 1980లో అమెరికాలో మార్తా కుటాస్, స్టీవెన్ హిల్యార్డ్ దానిని అందించారు. ‘తాత టీలో చెప్పు కలిపాడు’ వంటి వాక్యంలో అతకని మాట ఎదురైన సుమారు 400 మిల్లీసెకన్లకు మెదడులో ఒక విద్యుత్ తరంగం పెరుగుతుంది. దీనిని ‘ఎన్400’ అంటారు. ‘రాత్రి’ తర్వాత ‘పగలు’ వస్తే ఆ తరంగం తగ్గుతుంది. మొదటి మాట రెండోదానికి దారి వేయడమే ఇందుకు కారణం.

న్యూయార్క్‌లో హెన్రీ బెగ్లైటర్, బెర్నీస్ పోర్జెస్ల బృందం చేసిన పరిశీలనల్లో, మద్యానికి బానిసలైనవారిలో ఈ తగ్గుదల సరిగా కనిపించలేదు. అంటే మాటలు తెలిసినా, వాటి మధ్య సంబంధం చురుకుగా పనిచేయడం లేదు.

ఇదంతా మద్యం చేసిన నష్టమేనా? 1984లో బెగ్లైటర్ బృందం, తండ్రులు మద్యానికి బానిసలైనా తాము ఇంకా మద్యం ముట్టని బాలురలో ‘పి300’ అనే మరో తరంగం బలహీనంగా ఉందని చూపింది. కాబట్టి కొన్ని తేడాలు వ్యసనానికి ముందునుంచే ఉండవచ్చు. కారణాన్ని, ఫలితాన్ని విడదీసి చూడడం అవసరం.

వ్యసన విముక్తి చికిత్సలో సలహా, సంభాషణ ముఖ్యమైనవి. తల ఊపి, సరిగ్గా బదులిచ్చినంత మాత్రాన రోగికి విషయం పూర్తిగా అందిందని భావించరాదు. ‘చెప్పినా వినడు’ అని నిందించే ముందు, చెప్పింది ఎంతవరకు చేరిందో చూడాలన్నదే ఈ చరిత్ర నేర్పే పాఠం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: కోర్సకోవ్ పరిశీలనకు, ‘ఎన్400’ పరిశోధనలకు గల తేడాను వివరించండి.